పరుసవేది కథయుఁ గోనసీమ తామ్రశాసనములును

సోఁకినంతమాత్రమున నినుమును బంగారు చేయు శిలకుఁ బరుసవేది యని పేరు. పట్టినదెల్ల బంగారమగుచున్న గృహస్థునిఁ జూచి వానియింటఁ బరుసవేది యున్నదని యిరుగుపొరుగువా రనుకొనుట తెలుఁగునాఁట నేఁటికిని గలదు. ఇట్టి శిల భూమిపై నెచ్చటను లేదు. కథలు కల్పించిన లోకముననే దాని యునికి. అయినను నాంధ్రదేశమున నది కథాలోకపు టెల్లలలో నిలువక రాజవంశముల చరిత్రములోనికిఁ జొచ్చినది. కాకతీయుల యోరుగల్లు పరుసవేదిలింగము చుట్టును వెలసినదని యొక కథ. కొండవీటి రెడ్ల యైశ్వర్యమును, వారి వంశమున మాటిమాటికి వినవచ్చు వేమ యను పేరును బరుసవేదివలననే వచ్చినవని వేఱొక కథ. ఈ రెండవదానిలో నింటికి వచ్చిన యతిథి చావు కలదు. అది చరిత్రమైనచో, నెఱ్ఱాప్రెగ్గడ హరివంశమును గృతినందిన ప్రభువు వంశము దొంగిలించిన సొత్తుతోడను, నొక కోమటి ప్రాణముతోడను మొదలైనదని యొప్పుకొనవలసివచ్చును. కథయే యైనచో నట్టి నింద యేల పుట్టెనో చెప్పవలసియుండును. ఈ విచారమునకుఁ బనికివచ్చు సాక్ష్యములలోఁ గొన్ని కొండవీటఁ గాక, త్రవ్వినచో మన్నును నీరును దప్ప ఱాయి దొరకని కోనసీమలోఁ గానవచ్చుట గమనింపఁదగినది.

ముందుగా మాట సంగతి. సంస్కృత రసశాస్త్రమున వేధ యనునది పారిభాషికపదము. వ్యధ ధాతువునకుఁ బొడుచుట, చొచ్చుట యని యర్థము. సంస్కరింపఁబడిన పాదరసము హీనలోహములోఁ జొచ్చి దానిని బంగారుగా మార్చుటయే వేధ. పూఁతచేఁ గలుగునది లేపవేధ. కరఁగిన లోహముపైఁ జల్లినఁ గలుగునది క్షేపవేధ. పొగ సోఁకుటచేఁ గలుగునది ధూమవేధ. ఊరక తాఁకినంతనే వేధించు శక్తి గలది స్పర్శవేధి. స్పర్శశబ్దము తెలుఁగునఁ బరుస మయ్యెను; వేధిలోని యొత్తు జాఱి వేది యయ్యెను. కావున యజ్ఞవేదికిఁ గాని, యెఱిఁగినవాఁడను నర్థముగల వేదికిఁ గాని యీమాటతోఁ జుట్టఱికము లేదు. ఉత్తరదేశీయుల పారసశబ్దమునకును మూలము స్పర్శయే. ఇందువలన నొక సంగతి తేలుచున్నది. పరుసవేది పుట్టుకచే ఱాయి కాదు. అది యొక గుణము. ఆ గుణమును గథకులు తమ యిచ్చవచ్చినట్లు ఱాతికిని, లింగమునకును, గుండలోని ద్రవమునకును గూడఁ గట్టిపెట్టిరి. రెడ్ల కథలోనిది ద్రవమే. ఆ విషయమున నది రసశాస్త్రమునకుఁ దక్కిన కథలకంటెఁ జేరువైనది.

ఈ కథలకెల్లఁ బుట్టిల్లు శ్రీశైలము. నిత్యనాథసిద్ధుని రసరత్నాకరమున శ్రీపర్వతముమీఁది గుండములు, గుహలు, వృక్షములు, శిలలు వరుసగాఁ జెప్పఁబడి, యేచోట నేది గ్రహించిన నే సిద్ధి కలుగునో దారి చూపినట్లు వ్రాయఁబడినది. చదువరికి నది నిజమైన కొండ వర్ణనమువలెఁ దోఁచునే కాని, యందలి వస్తువులన్నియు మఱియొక లోకమునకుఁ జెందినవి. పదునేనవ శతాబ్దమున గౌరన ద్విపదగా రచించిన నవనాథచరిత్రమునకును శ్రీశైలమఠమే యాలంబనము. సిద్ధనాగార్జునుఁడు శ్రీశైలమునంతయు బంగారు చేయఁబూనఁగా దైవ మడ్డుపడెనను గాథ యీ పరంపరలోనిదే. కొండంతయు బంగారమైనచో బంగారమునకు వెల యుండదుగదా యను చింత యా గాథ కల్పించినవారికిఁ గలిగియుండును. అర్థశాస్త్రజ్ఞులు చెప్పవలసిన మాటను గథకులు ముందే చెప్పిరి.

రసవాదులు కనులారఁ జూచినది లేకయే యింత నమ్మిరని యనరాదు. బంగారమును బాదరసమునఁ గలిపి ముద్దచేసి రాగిపైఁ బూసి కాఁచినచోఁ బాదరస మావిరియై పోయి బంగారుపొర నిలుచును. ఇది మొలాముపని. ఆ మర్మమెఱుఁగని వారి కంటికి రాగియే బంగారమైనట్లు కనఁబడును. నేఁటి శాస్త్రము ననుసరించి బంగారు పరమాణుగర్భమునఁ బ్రోటానులు 79, పాదరసమున 80. రసవాదులు బంగారమునకుఁ బ్రక్కనున్న లోహమునే చేపట్టుట కేవలము కాకతాళీయమే కాని వినోదకరము. అయితే నిప్పుగాని, మూలికగాని, మంత్రముగాని పరమాణుగర్భమును గదల్పఁజాలవు. 1980 లో నమెరికాలో గ్లెన్ సీబోర్గు మొదలైనవారు బిస్మతునుండి మిక్కిలి కొలఁదిగా బంగారు పరమాణువులను బడసిరి. స్విట్జర్లండునందలి సెర్న్ సంస్థ యంత్రమున 2015 మొదలు 2018 వఱకు సీసపు పరమాణుగర్భములు మహావేగమున నొండొంటి చేరువఁ బోవుటచేఁ బుట్టిన బంగారము 29 పికోగ్రాములని 2025 లోఁ బ్రకటింపఁబడినది. గ్రామును లక్షకోట్ల భాగములు చేసిన నందులో 29 భాగము లన్నమాట. అదియును బుట్టినక్షణముననే నశించినది.

ఇఁక నోరుగంటి కథ. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రము తెలుఁగు వచనమున వెలసిన తొలి చరిత్రగ్రంథములలో నొకటి. దానిలోఁ గాకతి ప్రోలరాజునాఁడు సరకులబండి యొకటి త్రోవలో నొరగఁగా, దాని కట్టినుము నేలలోని యొక ఱాతిని దాఁకి బంగారమయ్యెననియు, రాజు వచ్చి చూడఁగా నది పరుసవేదిలింగమని తెలిసెననియు, నది కదలిరాకుండుటచే నచ్చటనే గుడియుఁ బురమును గట్టించెననియు నున్నది. అంతతోఁ గథ ముగియదు. ప్రోలరాజునకుఁ బుట్టిన కొడుకు తండ్రినిఁ జంపునని దైవజ్ఞులు చెప్పఁగా నా శిశువును విడిచిపెట్టిరఁట. వాఁ డా దేవునిగుడిలోనే పెరిగి, కావలియుండి, యొకరాత్రి చీఁకటిలో వచ్చిన రాజును దండ్రి యని యెఱుఁగక పొడిచెనఁట. ఆ కొడుకే రుద్రదేవుఁడు. రుద్రదేవుని 1163 వ సంవత్సరపు హనుమకొండ శాసనము ప్రోలరాజు జయములను విపులముగాఁ గీర్తించుచున్నది. పరుసవేది ప్రసక్తి యందు లేదు. తండ్రినిఁ జంపిన కొడుకు తన శాసనమున నామాట వ్రాసికొనఁ డనవచ్చును. కాని నగరమును బుట్టించిన లింగమును గూడ దాఁచుటకుఁ గారణము లేదు. ఓరుగల్లను పేరునకు నొంటిఱాయి యని యర్థము. సంస్కృతకవులు దానినే యేకశిలానగర మనిరి. పేరులోని కల్లును బట్టియే కథలోని ఱాయి పుట్టినదనుట యుక్తము.

రెడ్ల కథ దీనికంటె నెక్కువ బాధాకరమైనది. కర్నలు మెకంజీ తన యుద్యోగులగు కావలి సోదరులు మొదలైనవారిచే గ్రామగ్రామమునఁ జేర్పించిన కైఫియతులవలనను, గొండవీటి దండకవిలెవలనను నిది చరిత్రకారులకుఁ దెలియవచ్చినది. ప్రతులలోఁ బేరులు, ఊళ్లు మాఱుచుండును, సార మొక్కటియే. వేమ యను కోమటి శ్రీశైలయాత్రకుఁ బోయి, యడవిలో నొకచోట నూరుచున్న ద్రవమును గుండలోఁ బట్టుకొని, దాని మహిమ నెఱిఁగి, యెవ్వరికిని జెప్పక మరలి వచ్చుచు, హనుమకొండ ప్రాంతపుఁ బల్లెలో నొక రెడ్డి యింట బసచేసెను. రెడ్డి సేద్యగాఁడు, నమ్మఁదగినవాఁడని కోమటి తలంచెను. కుండనుండి జాఱిన బొట్టు సోఁకి యింటిలోని లోహపువస్తువు బంగారమయ్యెను. రెడ్డి దానిఁ జూచెను. ఆతఁడు కుండను దాఁచి తన కొట్టమునకుఁ దానే నిప్పంటించి, యగ్నిప్రమాదము జరిగినదని కేకలు పెట్టెను. తన సర్వస్వము మంటలలో నున్నదని కోమటి లోనికి దుమికి కాలిపోయెను. పిమ్మట రెడ్డి ధనవంతుఁడయ్యెను గాని వాని బిడ్డలు నిలువరైరి. కోమటి కలలోఁ గనఁబడి తన్నుఁ బూజింపుమనియుఁ, దన పేరు వంశమున నిలుపుమనియుఁ గోరెను. కొన్ని కథనములలో నాతని బంగారు ప్రతిమను జేయించి యింటఁ బూజించిరని కలదు. నాఁటనుండి యా వంశమువారు వేమ యను పేరు పెట్టుకొనుచుండి రని ముక్తాయింపు.

చదివినంతనే యీ కథ మనసునఁ బట్టుకొనును. హత్యలుండు కథలు పెక్కు; ఇందు మాత్రము హంతకుఁడు కత్తి యెత్తలేదు. తన యింటికిఁ దానే చిచ్చు పెట్టుకొని, యతిథి యాశనే వాని చావునకు సాధనముగాఁ జేసికొనెను. ఈ మెలకువ సేద్యగాండ్ర యిండ్లను, బసచేయు వర్తకుల భయములను దగ్గఱనుండి చూచినవారిదే. మంటయును, బంగారుప్రతిమయును మాత్రము పాతసరకు. అల్బెరూనీ 1030 ప్రాంతమున హిందూదేశమును గూర్చి వ్రాసిన గ్రంథములో వల్లభినగర గాథ యొకటి గలదు. ఒక సిద్ధుఁడు మూలికకు నిప్పంటించి గొల్లవాని కుక్కను మంటలోఁ బడవేయఁగా, గొల్లవాఁడు కినిసి సిద్ధునే మంటలోఁ బడఁద్రోసెను. చల్లారిన పిదపఁ జూడఁగా సిద్ధుఁడును గుక్కయు బంగారమై యుండిరి. ఆ బంగారుమనిషి వ్రేలు కోసికొన్నను మరల మొలచుచుండెననియు, దానిచే రంకుఁ డను పండ్లవర్తకుఁడు పట్టణమునే కొనునంత ధనికుఁడయ్యెననియు నా గాథ సాఁగును. కష్టపడక వచ్చిన బంగారము వెనుక నొక చావుండవలెనని యీ కథలన్నిటి నియమముగాఁ గనఁబడుచున్నది. ఓరుగంటఁ దండ్రి, వల్లభిలో సిద్ధుఁడు, రెడ్డి యింటఁ గోమటి. ఇన్నిచోట్ల నొకే యచ్చు పడుటయే యిది చూచినవాఁడు చెప్పిన సాక్ష్యము కాదనుటకు మొదటి గుర్తు.

రెండవ గుర్తు శాసనములు. గౌతమికిని వసిష్ఠకును నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా నున్న కోనసీమను శాసనములు కోనస్థల మనియుఁ, గోనమండల మనియుఁ బేర్కొన్నవి. పూర్వము హైహయు లేలిన యీసీమ పదునాల్గవ శతాబ్దమున రెడ్ల యేలుబడిలోనికి వచ్చెను. ఇది గోదావరి తెచ్చిన యొండ్రుతో నేర్పడిన నేల. గుడికి వలసిన ఱాయియైనను, వంటింటి రోలైనను మెరకనుండి పడవపై రావలసినదే. ఇట్టి సీమలో రాజు తన దానమును శాశ్వతముగాఁ జెప్పఁదలఁచినచో ఱాతికంటె రాగిఱేకే యనువు. రెడ్లను గూర్చిన తామ్రశాసనములు మూఁడు కోనసీమకుఁ జెందినవి మిక్కిలి ముఖ్యములు. అనవేమారెడ్డి శకవర్షము 1296 లో, ననఁగా క్రీ. శ. 1374 లో నిచ్చిన నడుపూరు శాసన మొకటి. అతఁడే శకము 1300 లో, ననఁగా 1378 ప్రాంతమున నిచ్చిన వానపల్లి శాసనము రెండవది. వానపల్లి నేఁటి కొత్తపేట మండలములోని గ్రామము. కాటయవేమారెడ్డి శకము 1333 లో, ననఁగా 1411 లో నిచ్చిన తొత్తరమూడి శాసనము మూఁడవది. ఇవి యెపిగ్రాఫియా ఇండికా మూఁడవ నాల్గవ సంపుటములలోఁ బ్రకటింపఁబడినవి. తొత్తరమూడి శాసనమును బరిష్కరించినవారు జయంతి రామయ్యపంతులుగారు. వారు జన్మించినది కోనసీమలోని ముక్తేశ్వరముననే.

ఈ శాసనములలో వంశవర్ణన మున్నది, దానవర్ణన మున్నది, వేమ యను పేరున్నది. పరుసవేది లేదు, కోమటి చావు లేదు. మౌన మొక్కటియే సాక్ష్యము కాదనుట నిజము. కాని శాసనములు మౌనముగా నుండలేదు. కథ చెప్పిన చోటులనే యవి వేఱుగాఁ జెప్పుచున్నవి. శ్రీశైలమునుండి రెడ్లకు బంగారము వచ్చినదని కథ. ప్రోలయవేముఁడు శ్రీశైలమునకును నహోబలమునకును సోపానములు గట్టించెనని శాసనములు. అనవేముఁడు శకము 1299 లో శ్రీశైలముననే వీరశిరోమండపమును నిర్మించెను. కథలో శ్రీశైలము రెడ్లకు రాఁబడి. శాసనములలో నది వారి వ్యయము. మఱియు హేమాద్రి చెప్పిన దానములన్నియుఁ జేసిరని రెడ్లకుఁ గీర్తి. ఆ హేమాద్రి పేరు బంగారుకొండ యని యర్థమిచ్చినను, నాతఁడు దేవగిరి యాదవుల మంత్రి. దానఖండము గల యాతని గ్రంథమునకుఁ జతుర్వర్గచింతామణి యని పేరు. పెదకోమటివేముని పేరఁ బరఁగు నలంకారగ్రంథము సాహిత్యచింతామణి. కోరినదిచ్చు మణి రెడ్లయింట నున్నదనుట నిజమే కాని యది తాళపత్రములలో నున్నది.

పేరు సంగతి యింకను స్పష్టము. కోనసీమ శాసనములను వరుసగాఁ జదువునప్పుడు వేమశబ్ద మెన్నివిధములఁ బ్రాకినదో చూడనగును. దాత అన్నవేముఁడు; అతని తండ్రి వేముఁడు. నడుపూరు దానము చేయఁబడినది దాత చెల్లెలగు వేమసానికిఁ బుణ్యముగా. దానమిచ్చిన గ్రామమునకుఁ బెట్టిన క్రొత్తపేరు వేమపురము. తొత్తరమూడి దాత కాటయవేముఁడు. ఇట్లు మగవానికి, నాఁడుబిడ్డకు, నూరికిఁ గూడ నొకే పేరు పెట్టుట చూచి, దీని వెనుక నేదో మ్రొక్కుబడి యున్నదని వినువారికిఁ దోఁచుట సహజము. కాని తాత పేరు మనుమనికిఁ బెట్టు నాచారము తెలుఁగువారి యిండ్లన్నిటఁ గలదు. అట్టి యింట నొక పేరు నాలుగుతరములలోఁ బదిమంది కగుట వింతగాదు. పదిమందిలో నెవ్వరో తెలియుటకై తండ్రి పేరు ముందు చేర్పవలసివచ్చును. ప్రోలని కొడుకు వేముఁడు ప్రోలయవేముఁడు. కాటయ కొడుకు వేముఁడు కాటయవేముఁడు. అల్లాడరెడ్డి కొడుకు వేముఁ డల్లయవేముఁడు. ప్రోలయవేముని సోదరుని మనుమఁడు, పెదకోమటి యనువాని కొడుకు, వేముఁడు పెదకోమటివేముఁడు. ఈతఁ డేలినది 1402 మొదలు 1420 వఱకు. శ్రీనాథుఁడు విద్యాధికారిగా నున్నది యీతని కొలువుననే.

ఈ తుదిపేరే కథకు బీజమని తోఁచుచున్నది. పెదకోమటివేముఁ డనునప్పుడు కోమటి యనునది కులము కాదు, తండ్రిపేరు. ఈ వంశమున నది పురుషనామముగా నొకటికంటె నెక్కువసారులు కానవచ్చును. రాజ్యము పోయి, వంశవృక్షము మఱపునఁబడి, పేరులు మాత్రము నాలుకలమీఁద నిలిచిన కాలమున, రెడ్డిరాజునకుఁ గోమటివేముఁ డను పేరేల యని యడుగువాఁ డొకఁడు తప్పక యుండును. వ్యాకరణ మెఱిఁగినవాఁడు తండ్రిపేరని చెప్పును. తక్కినవాఁడు కథ చెప్పును. కోమటి వేమ యను రెండుమాటల పేరు కథలో మృతుని పేరుగా యథాతథముగ నిలుచుట యాదృచ్ఛికమన రాదు. పేరును వివరింపఁబుట్టిన కథ పేరుననే తన పుట్టుమచ్చను దాఁచుకొన్నది. ఇట్టి కథ పుట్టవలెనన్నఁ గుట్ర యెవ్వరును జేయనక్కఱలేదు. ఓరుగల్లునందలి కల్లు లింగమైనట్లే, కోమటివేమునందలి కోమటి మనుష్యుఁడై కూర్చుండెను.

అయినను బేరొక్కటియే యీ కథకుఁ జాలదు. పేరునుబట్టి పుట్టిన కథలో నతిథిని రాజబంధువుగానో, వరమిచ్చిన సిద్ధునిగానో చేసినను సరిపోవును; చంపనేల? ఇచ్చట మోటుపల్లి శాసనములు జ్ఞప్తికి వచ్చును. కాకతి గణపతిదేవుఁడు 1244 లో మోటుపల్లి రేవున నిచ్చిన యభయశాసనమున, గాలివానకుఁ బగిలి యొడ్డునఁ బడిన యోడలలోని సరకును రాజులు బలిమిఁ గైకొనుట పూర్వపు వాడుక యనియుఁ, దాను దయచేసి దానిని మానుచున్నాననియుఁ జెప్పెను. కొండవీటి యనపోతారెడ్డి 1358 లో నదే రేవున వర్తకుల కభయమిచ్చుచు, సుంకములు తగ్గించి, యపుత్రికమును మానెను. అపుత్రిక మనఁగాఁ గొడుకులు లేక మృతుఁడైనవాని సొత్తు రాజు తీసికొనుట. దూరదేశమునుండి వచ్చిన వర్తకుఁడు పరుల యూర మరణించినచో వాని పెట్టె యెవరిదగునో యూహింపవచ్చును. మానితిమని శాసనమున వ్రాయవలసివచ్చెనన్న, నంతకుముందు జరుగుచుండెననుట స్పష్టము. అన్యుని యింట వర్తకుఁడు చచ్చుట, వాని సొత్తు గృహస్థునిదగుట యను రెండును గథకులు కల్పింపనక్కఱలేదు. అవి రేవుపట్టణములఁ దెలిసిన సంగతులు. వర్తకుల యీభయమే, పేరున వెలసిన కోమటిని జేరి, వానికిఁ జావును దెచ్చియుండును. చిత్ర మేమనఁగా, నట్టి రాఁబడిని విడిచిపెట్టిన వంశముననే కథ యా దోషమును మోపినది.

రెడ్ల సంపదకు నిజమైన మూలము వెదకఁ గథలతోఁ బనిలేదు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు వలసిన సుగంధద్రవ్యముల నందిచ్చిన యవచి తిప్పయసెట్టికి శ్రీనాథుఁడు హరవిలాసము నంకితమిచ్చెను. ఆ కావ్యపీఠికలో సింహళమునుండి యేనుఁగులు, హురుమంజినుండి గుఱ్ఱములు, చీనానుండి పట్టుబట్టలు, భోటదేశమునుండి కస్తూరి వచ్చుట వర్ణితము. జలనోంగినుండి బంగారు మొలకలు వచ్చెననియుఁ గలదు. బంగారము ద్వీపాంతరములనుండి యోడలపై వచ్చినది. తెచ్చినవాఁడు సెట్టి. వాఁడు రాజగృహమునఁ గాలిపోలేదు. కావ్యమునకుఁ గృతిపతి యయ్యెను. పరుసవేది కథలోని కోమటికిని, నవచి తిప్పయకును గల దూర మంత.

వచ్చిన ధనము పోయినచోటులలోఁ గోనసీమ యొకటి. వానపల్లి శాసనమునఁ జెప్పఁబడిన దాన మిమ్మడిలంక. లంక యనఁగా నదినడుమ నొండ్రు మేటవేసి యేర్పడిన భూమి. ఒక వఱదకుఁ బెరుగును, మఱియొక వఱదకుఁ దరుగును. ఈ శాసనశ్లోకములను రచించిన త్రిలోచనాచార్యుఁ డనవేముని యాస్థానకవి. కాటయవేముఁడు కుమారగిరికి మంత్రి, బావమఱఁది; రాజమహేంద్రవరముతోఁ గూడిన తూర్పురాజ్యము నాతనినుండి పొందినవాఁడు; కాళిదాసు నాటకములకుఁ గుమారగిరిరాజీయ మను వ్యాఖ్య రచించిన పండితుఁడు. తొత్తరమూడి శాసనమున నీ బాంధవ్యములు స్పష్టముగా నున్నవి. రాజులు తమ కీర్తికి మూలమని యెంచినవి యేవో వీనిఁబట్టి యెఱుఁగవచ్చును: చుట్టఱికము, విజయము, దానము, విద్య.

తరువాతికాలమున నీ పరుసవేది కథ యోగివేమనకును జుట్టుకొన్నది. ఆయన పేరఁ బ్రచారములో నున్న పద్యములలో స్వర్ణవిద్య ప్రసక్తి తఱచగుటయు, వేమశబ్దసామ్యమును గలిసి, యాతఁడు కొండవీటి రాజుల తమ్ముఁడనియు, బంగారు చేయు విద్య యెఱిఁగినవాఁడనియుఁ జెప్పు చరిత్రలకు దారితీసినవి. కవికాలము తేల్పఁబూనినవారి కీ కలఁత చాలనాళ్లు శ్రమ తెచ్చిపెట్టినది. పేరొక్కటియైనంత మనుష్యు లొక్కరే యనుకొనుట రెడ్ల కథలోఁ జేసిన పొరపాటే. ఇచ్చట మఱల జరిగినది.

రాజు పెట్టిన పేరులన్నియు నిలుచుననుటయు లేదు. అనవేముఁడు చెల్లెలి పుణ్యమునకై నడుపూరును వేమపుర మనెను, రాగిఱేకునఁ జెక్కించెను, చంద్రసూర్యు లుండునంతవఱకు నిలువవలెనని శాసనకవి కోరెను. శాసనపరిశోధకులు మాత్ర మాఱేకులను నేఁటికిని నడుపూరు శాసనమనియే వ్యవహరించుచున్నారు.